పిడికెడు పదును

వాన పడిన మర్నాడు మా నాయన చేనికి పోతే ఆకాశం వైపు చూసేవాడు కాదు. వంగి గుప్పెడు మట్టి తీసుకునేవాడు. పిడికిట్లో పెట్టి గట్టిగా నొక్కి, చెయ్యి తెరిచేవాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు దిగితే ఇంకా రెండు దినాలు ఆగాలి. పొడిపొడిగా రాలిపోతే ఇంకో వాన కోసం ఎదురుచూడాలి. ముద్ద కట్టి, బొటనవేలు తగలగానే మెల్లగా విచ్చుకుంటే, ‘పదునైంది, గొర్రు కట్టండప్పా’ అనేవాడు.

నాకిప్పుడు అరవై రెండేళ్లు. చేను లేదు. అనంతపురం టౌనులో ఐదు సెంట్లలో కట్టుకున్న ఇల్లు, వెనక ఒక వేపచెట్టు. కొన్ని నెలలుగా రోజూ పొద్దున ఆ చెట్టు కింద గొంతుక్కూర్చుని గుప్పెడు మట్టి తీసి నొక్కి చూస్తున్నాను. విత్తడానికి కాదు. ఒక తాబేలు కోసం.

మా అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. పోయినేడు ఉగాదికి వచ్చినప్పుడు బట్టల బ్యాగుతో పాటు చిల్లులు పెట్టిన చెప్పుల అట్టపెట్టె ఒకటి దించాడు. మూత తీస్తే లోపల టెంకాయంత తాబేలు. ‘నాయనా, మేం ఇల్లు మారతాండాము. రెండు నెలలు చూసుకో చాలు’ అన్నాడు. ఇల్లు మారడం అయిపోయింది, కొత్త ఇంటి బాల్కనీకి గ్రిల్లు కూడా పెట్టించుకున్నారు. తాబేలు మాత్రం ఇక్కడే ఉంది.

పెట్టె మూత తీసిన క్షణంలో నాకు వణుకు పుట్టింది. మా వైపు తాబేలంటే నక్షత్ర తాబేలే. చిన్నప్పుడు తొలకరి పడ్డాక చేని గట్టున కంపచెట్ల కింద కనబడేవి. నల్లటి చిప్ప మీద పసుప్పచ్చ గీతలు, ముగ్గుపిండితో ఎవరో పెట్టినట్టు. పిల్లలం ఇంటికి తెచ్చేవాళ్లం. ‘లక్ష్మి వచ్చినట్టు, ఉండనీ’ అనేది మా జేజి. ఇప్పుడు ఆ పని చేస్తే జైలు. నక్షత్ర తాబేలు మన వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. 2019లో జెనీవాలో దేశాలన్నీ కూర్చుని దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా పూర్తిగా మూసేశాయి. ఎందుకు మూశారో అర్థం కావాలంటే ఒక్క లెక్క చాలు. మన దేశంలో ఒకే ఒక్క సేకరణ కేంద్రం నుంచి ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు అడవిదాటి పోతున్నాయని 2015లో ఒక పరిశోధన బయటపెట్టింది. గట్టుమీద మాకు కనబడినవి మా పిల్లలకెందుకు కనబడలేదో ఆ అంకె చూశాక తెలిసింది.

మావాడు నా ముఖం చూసి నవ్వాడు. ‘ఇది ఆ రకం కాదు నాయనా, ఆఫ్రికాది. సల్కాటా అంటారు. పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేసినాను, చూడు’ అని ఫోన్లో కాగితం చూపించాడు. విదేశీ జంతువుల్ని ఇంట్లో పెట్టుకునేవాళ్లు ప్రభుత్వానికి చెప్పి నమోదు చేయించాలని 2024లో నిబంధనలు వచ్చాయి. సరే అనుకుని కిందకి దించి చూశాను. నక్షత్రాలు లేవు. ఇసుక రంగు చిప్ప, ఏనుగు కాళ్ల లాంటి కాళ్లు, తొడల వెనక ముళ్లు. పెద్దదైతే యాభై కిలోలకు పైన తూగుతుందట. ‘అంటే బియ్యం మూట వాకిట్లో నడిచినట్టు’ అంది మా ఆవిడ. దూరంనుంచి చూస్తే మా ఊళ్ల చుట్టూ పడి ఉండే గుండ్రాళ్లలో ఒకటి అనిపించింది కాబట్టి గుండప్ప అని పేరు పెట్టాం. ఆడో మగో ఇంకా తెలీదు. తేలాక పేరు సంగతి చూద్దాం.

తాబేలు ఇంటికి వచ్చిందని తెలియగానే వీధి వీధంతా సలహాలతో దిగింది. అందరి సలహా ఒకటే, నీళ్లు. ఇళ్లల్లో ఇత్తడి తాబేలును నీళ్ల పళ్లెంలో పెట్టుకునే అలవాటు కదా, నిజం తాబేలును చూసినా చెయ్యి తొట్టివైపే పోతుంది. నేను బజారుకు పోయిన సమయంలో ఒక పెద్దాయన పుణ్యానికని గుండప్పను బట్టలుతికే తొట్టిలో వేశాడు. మెట్ట తాబేలుకు ఈత రాదు. అది కుండలా బుడుంగుమని మునిగితే మా ఆవిడ మోచేతుల దాకా నీళ్లలో పెట్టి తీసింది. ఆ తర్వాత గంటసేపు ముక్కులోంచి బుడగలు వచ్చాయి. పెద్దాయన నొచ్చుకున్నాడు. ‘కూర్మావతారం సముద్రంలో కదా’ అన్నాడు. నిజమే. అయితే శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో, ఆ కూర్మనాథుడి గుడి ఆవరణలోనే చాలా ఏళ్లుగా సాకుతున్నవి మెట్టమీద బతికే నక్షత్ర తాబేళ్లే. ఆ సంగతి ఆయనతో చెప్పలేదు. అప్పటికే బాధలో ఉన్నాడు.

నేను చేసిన తప్పు దీనికి సరిగ్గా వ్యతిరేక దిక్కులో ఉంది. ఇది సహారా అంచునుంచి వచ్చిన జీవి, అనంతపురం ఎండ దీనికి పుట్టింటి ఎండలా ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు అనుకున్నాను. గరిక వేశాను, మందార ఆకులు వేశాను, తాగడానికి పళ్లెంలో నీళ్లు పెట్టాను. రెండు నెలలకు చూస్తే చిప్ప మీద ఒక్కొక్క గడి నడుమ ఉబ్బి, అంచులు లోపలికి దిగి, చిన్న చిన్న గోపురాలు లేస్తున్నాయి. పప్పులు పెట్టారేమో, మాంసకృత్తులు ఎక్కువైతే అంతే అన్నారు ఒకరు. నేను దానికి పప్పు గింజ కూడా చూపించలేదు.

వియన్నాలోని పశువైద్య విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు ఈ గొడవను తేల్చారని చదివాను. అప్పుడే పుట్టిన 50 సల్కాటా పిల్లల్ని తీసుకుని, కొన్నింటిని పొడి గాలిలో, కొన్నింటిని తేమ గాలిలో, మాంసకృత్తులు మార్చి మార్చి పెడుతూ ఐదు నెలలు పెంచారు. 2003లో ఫలితం రాశారు. గోపురాలు లేవడానికి తిండి చేసిన పని చాలా తక్కువ, అసలు దోషం పొడి గాలిది.

ఎడారి జంతువుకు పొడి గాలి పడకపోవడం ఏమిటి? నాకు ఇది కొన్ని రోజులు మింగుడుపడలేదు. తర్వాత విషయం తెలిసింది. సల్కాటా ఎండలో తిరిగేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. మిగతా వేళంతా అది ముందుకాళ్లతో తవ్వుకున్న బొరియలో పడి ఉంటుంది. బొరియ కొన్ని మీటర్ల పొడుగు ఉంటుంది. పైన ఇసుక పెనంలా కాలుతున్నా లోపలి మట్టిలో చెమ్మ ఉంటుంది, దాని ఊపిరిలోని తడి కూడా ఆ సందులోనే తిరుగుతూ ఉంటుంది. దాని దేశం పటంలో సహారా కిందుగా కనబడుతుంది. అది నిజంగా కాపురం ఉండేది మాత్రం నేల కిందుగా. నేను దాన్ని ఆ పైకప్పు మీద పెట్టి, పుట్టింట్లో ఉన్నావు కదా అని మురిసిపోయాను.

పిల్లది కాబట్టి అంత బొరియ ఇంకా తవ్వుకోలేదు. నేను చేసి పెట్టాలి. చెమ్మ గూడు అని పేరు పెట్టుకుని మొదలుపెట్టాను.

మొదటి గూడు ప్లాస్టిక్ డబ్బాతో. పక్కన తలుపంత కన్నం కోసి, లోపల తడిపిన స్పాంజి పెట్టాను. మధ్యాహ్నానికి చెయ్యి పెడితే ఇడ్లీ పాత్రలా ఉంది. మూతకు లోపలివైపు నీటి చుక్కలు వేలాడుతున్నాయి, గాలి ఆడదు. గుండప్ప తల లోపలికి పెట్టి, వెనక్కి తీసుకుని, నడిచిపోయింది.

రెండోది నా సొంత తెలివి. ఆ తెలివికి ఇప్పటికీ సిగ్గుపడతాను. మా జిల్లాలో ఊరికే దొరికేది శనక్కాయ పొట్టు. నూనె మిల్లు దగ్గర ఒక గోతం తెచ్చి, తడిపి, గూటిలో పరిచాను. నాలుగో రోజు ఆకుపచ్చ బూజు. శనక్కాయకు పట్టే ఆస్పర్‌జిల్లస్ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది. దాన్ని ప్రపంచం కనిపెట్టిందే శనక్కాయ పిండివల్ల. 1960లో ఇంగ్లండులో ఆ పిండి తిన్న టర్కీ కోడిపిల్లలు లక్షకు పైగా చచ్చాక. పుట్టినప్పటినుంచి శనక్కాయల మధ్య పెరిగినవాణ్ణి, తడిసిన కాయను రాశిలో కలపనివ్వకుండా మా నాయన ఎన్నిసార్లు గుద్ది చెప్పాడో! గోతం ఎత్తి పారేసి, గూడు కడిగి, ఎండలో బోర్లించాను.

అప్పుడు మా బావకు ఫోను చేశాను. మడకశిర వైపు పల్లెలో ముప్పై ఏళ్లు పట్టుపురుగులు మేపినవాడు. (మడకశిర, హిందూపురం, ధర్మవరం అన్నీ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. నా నోటికి ఇంకా అనంతపురమే వస్తుంది.) సంగతంతా విని నవ్వాడు.

‘ఏం బావా, ఇంతకూ నువ్వు చేస్తాండేది చాకీ గదే కదప్పా’ అన్నాడు.

గుడ్డులోంచి వచ్చిన పురుగుల మొదటి రెండు దశల్ని చాకీ అంటారు. వాటికి గాలిలో తేమ 80 నుంచి 90 శాతం కావాలి. హిందూపురం ఎండల్లో అంత తేమ ఎక్కడినుంచి వస్తుంది? గదినంతా తడపరు. తట్టలో మైనం కాగితం పరిచి, పురుగుల చుట్టూ తడి ఫోము పట్టీలు పెట్టి, పైన ఇంకో మైనం కాగితం కప్పుతారు. ఆకు వేసే ముందు కాసేపు పై కాగితం తీసి గాలి తగలనిస్తారు. పురుగు పెద్దదైన కొద్దీ తేమ తగ్గించుకుంటూ వస్తారు. కుబుసం విడవడానికి కదలకుండా పడుకున్నప్పుడు పడక పొడిగా ఉండాలని సున్నం చల్లుతారు. తేమ ఎక్కువైతే రోగం, తక్కువైతే ఆకు వాడిపోయి పస్తు. ఎండాకాలం షెడ్డు చుట్టూ తడి గోనెపట్టలు వేలాడతాయి. చిన్నప్పుడు సెలవలకు పోతే ఆ గోనెల వాసనే మడకశిర వాసన అనుకునేవాణ్ణి.

‘తడి వాసన రాకూడదు బావా, తడి ఉండాల. వాసన వచ్చినాదంటే ఎక్కువైనట్టే’ అన్నాడు.

ఫోను పెట్టాక, నేను తెలియకుండానే ఇలాంటి గూళ్ల మధ్యే పెరిగానని ఒక్కొక్కటీ గుర్తుకు రాసాగింది. ధర్మవరంలో మా చిన్నమ్మ వాళ్లింట్లో గుంట మగ్గం ఉండేది. పిల్లలం ఎండకు తాళలేక చిన్నాయన పక్కన ఆ గుంటలోకి దిగి కూర్చునేవాళ్లం. కాళ్లకు చల్లగా తగిలేది. ఆ చల్లదనం మా కోసం కాదు. మగ్గం నేలలోకి దిగి ఉంటే మట్టి చెమ్మకు పట్టు పోగు మెత్తగా ఉండి తెగదు. అదే గుంటలోకి వానాకాలం ఊట వస్తే పని ఆగిపోతుంది, ఇంట్లో పొయ్యి కూడా ఆగుతుంది. మా జేజి తమలపాకుల్ని తడిగుడ్డలో చుట్టి, ఆ గుడ్డను గట్టిగా పిండి, కడవ మొదట్లో పెట్టేది. పిండకపోతే ఆకు కుళ్లుతుంది. పూలమ్మేవాళ్లు అరటి దొప్పలో మల్లెలు కట్టేదీ అంతే. కరువు సీమలో ఇంతమంది ఇన్ని మూలల్లో తడిని దాచిపెట్టారు, ఒక్కరూ దానికి బోరు వేయలేదు.

మూడో గూడు కుండలతో చేశాను. పాత బాన ఒకటి మూతి పగిలి పెరట్లో పడి ఉంది. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, వేపచెట్టుకు ఉత్తరం పక్క, సగానికి పైగా నేలలోకి దిగేలా గుంత తీశాను. పగిలిన మూతి అంచుల్ని గుండప్ప చిప్పకు గీసుకోకుండా ఇటుక రాయితో అరగదీశాను. అదొక పూట పట్టింది. లోపల జానెడు మందాన ఎర్రమట్టి, కొబ్బరి పీచుపొడి సగం సగం. బాన వీపు మీద మట్టి కప్పి గోనెపట్ట వేశాను. గుమ్మానికి ఇంకో గోనెముక్క తెరలాగా, అది తలతో నెట్టుకుని పోయేలా.

అసలు కీలకం పక్కన పాతిన చిన్న కుండ. మొక్కల దగ్గర కుండ పాతి నీళ్లు నింపే పద్ధతి మా మామిడి తోటల్లో చూసిందే. మెరుగు లేని మట్టికుండ గోడలోంచి నీళ్లు ఊరి, ఆరిన మట్టి పీల్చుకున్నంతే బయటికి వస్తాయి. బానకు ఆనించి ఒక కుండ మూతిదాకా పాతి, నీళ్లు పోసి, మూకుడు మూశాను. ఇక లోపల నీళ్లు చల్లే పని లేదు. రెండు రోజులకు ఒకసారి ఆ కుండ నింపితే చాలు. మట్టి తనకెంత కావాలో అంత తీసుకుంటుంది. మా ఆవిడ చూసి, ‘పిల్లోడు పుట్టినప్పుడు ఇంత శ్రద్ధ చూడలేదే’ అంది. జవాబు చెప్పకుండా మట్టి చేతులు కడుక్కోడానికి పోయాను.

ఏప్రిల్ నడిమధ్యాహ్నం మూడు గంటలకు తేమ కొలిచే చిన్న మీటరు వాకిట్లో పెడితే 20 దాటలేదు. దాన్నే బానలోకి తోసి, అరగంట ఆగి తీస్తే 80 చూపించింది. మధ్యలో ఉన్నది రెండు వేళ్ల మందం కుండగోడ, ఒక గోనెపట్ట. మూడు రోజులు గుండప్ప ఆ గుమ్మం ముందు నుంచి పోతూ వస్తూ ఉండింది. నాలుగో రోజు తెర కదిలింది. చీకటి పడ్డాక టార్చి వేసి చూశాను. చిప్ప సగం మట్టిలో దిగి ఉంది, మెడ పూర్తిగా చాపి, గడ్డం నేలకు ఆనించి నిద్రపోతోంది. ఆ మెడ అంత పొడుగు ఉంటుందని అంతవరకూ తెలీదు. మా ఇంట్లో దిగినప్పటినుంచి అది ఎప్పుడూ తల సగం లోపలే పెట్టుకుని పడుకుంది.

అప్పటినుంచి పొద్దున లేవగానే నా పని బానలోకి చెయ్యి పెట్టి మట్టి తీసి నొక్కడం. మీటరు ఉంది, కాని నాకు మీటరు మీద కంటే పిడికిలి మీద నమ్మకం.

పదును అనే మాట మీద కూడా ఈ పనిలోనే ధ్యాస పోయింది. కొడవలికి ఉండేదీ పదునే, విత్తనానికి నేలలో ఉండాల్సిందీ పదునే. ఒకే మాట రెండింటికీ ఎందుకు వచ్చిందో నిఘంటువులు చెప్పేవి చెప్పనీ, నాకు తోచింది ఒకటుంది. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి తీసేటప్పుడు ఒక లిప్త ఎక్కువైతే అది పెళుసై విరుగుతుంది, ఒక లిప్త తక్కువైతే మొద్దుబారుతుంది. చేనికి కూడా అలాంటి లిప్తే ఒకటి ఉంది. రెండు పదునులూ ఉండేది సరిగ్గా ఆ అంచు మీదే, అటుకీ ఇటుకీ మధ్య ఉన్న చోటు చాలా సన్నం.

మా జిల్లాలో నలుగురు కూడితే మాట్లాడేది నీళ్ల గురించే. తుంగభద్ర ఎగువ కాలువలో ఎంత వదిలారు, హంద్రీనీవా ఎంతదాకా వచ్చింది, ఎవరి బోరు వెయ్యి అడుగులు పోయినా దుమ్మే లేచింది. నేనూ జీవితమంతా అవే మాట్లాడాను. తప్పని అనను, తాగడానికి నీళ్లు లేని చోట ఇంకేం మాట్లాడతారు? కానీ మా చేలు ఎండింది ఎప్పుడూ లెక్కల్లో కాదు. ఏడాదికి సగటున 550 చిల్లర మిల్లీమీటర్ల వాన పడుతుంది మాకు. పడమటి కనుమల వెనక దాక్కున్న నేల, అక్కడికి వచ్చేసరికి మబ్బు ఖాళీ అయి ఉంటుంది. ఆ కాస్తా ఒక సాయంత్రం భళ్లున కురిసి వంకల్లో పారిపోయి, తర్వాత నలభై రోజులు ముఖం చాటేస్తుంది. శనక్కాయ చేను పూత పూసి ఊడలు దిగే రోజుల్లో పైమట్టి గట్టిపడి ఉంటే ఊడ నేలలోకి దూరలేదు. గాలిలో వేలాడి ఎండిపోతుంది. ఏడాది వాన మొత్తం లెక్కలో సరిపోయినా ఆ పది రోజులు పదును లేకపోతే కాయ లేదు. వానలెక్క కాగితంలో మంచి ఏడాది అని రాసి ఉన్న సంవత్సరంలోనే మా నాయన ఎద్దుల్ని అమ్మాడు.

నీళ్లు తేవడం పెద్దవాళ్ల పని, ప్రభుత్వాల పని. వచ్చిన తడిని నిలుపుకోవడం మాత్రం జేజిల పని, చాకీ తట్టల దగ్గర కూర్చునే ఆడవాళ్ల పని, ఇప్పుడు రిటైరైన నా పని. ఈ రెండో పనికి శిలాఫలకాలు ఉండవు. కుండకు శంకుస్థాపన ఎవరు చేస్తారు?

మరీ గొప్పలు పోవడం కూడా తగదు. గుండప్ప చిప్ప మీద పాత గోపురాలు అలాగే ఉన్నాయి, అవి పోవు. కొత్తగా వచ్చిన అంచు మాత్రం చదునుగా, కాస్త లేత రంగులో, తడిపి అలికిన అరుగులా వస్తోంది. వేలితో తడిమితే ఎక్కడ వరకు నా తెలివితక్కువతనం, ఎక్కడినుంచి బాన అన్నది గుడ్డివాడు కూడా చెప్పగలడు. ఇంకో ఏడాదికి అది బానలో పట్టదు. అప్పుడు తనే తవ్వుకుంటుంది. వేపచెట్టు వేళ్లు ఏమవుతాయో, పక్కింటి ప్రహరీ ఏమవుతుందో తెలీదు. మావాడికి చెబితే ‘చూద్దాం నాయనా’ అంటాడు. ఇది నా తర్వాత కూడా చాలా ఏళ్లు బతకగలదని మాత్రం వాడు తెచ్చిన రోజు చెప్పలేదు.

మొన్న జూన్లో తొలివాన పడింది. సాయంత్రం నాలుగింటికి మొదలై అరగంటలో అయిపోయింది. వీధిలో పిల్లలు అరిచారు, చూరు నీళ్ల కింద బకెట్లు పెట్టారు. గుండప్ప గోనెతెర నెట్టుకుని బయటికి వచ్చి, నీళ్లు నిలిచిన చిన్న గుంట దగ్గర ముక్కు ముంచి, గొంతు కదుపుతూ చాలాసేపు తాగింది. పెట్టిన పళ్లెంలో ఎప్పుడూ అంతసేపు తాగలేదు. నేను చెప్పులు విడిచి పెరట్లోకి దిగి వంగి ఒక గుప్పెడు మట్టి తీశాను. నొక్కాను. పైన తడిసిన ఎర్రమట్టి అరచేతికి అంటుకుంది, కింది మట్టి పొడిగా వేళ్ల మధ్యనుంచి జారిపోయింది. ముద్ద కట్టలేదు.

చెంబు తెచ్చుకుని, మూకుడు తీసి, కుండ నింపాను.